నాలుగో తీర్మానం

సోమనర్సయ్య ఈ పూట కూడా కంచం ముందు కూర్చుని, ఒక్క ముద్ద కలిపి, లేచిపోయాడు.

“ఆకలైతలేదు,” అన్నాడు, ఎవరూ అడగకుండానే.

అండాలు బతిమాలలేదు. జనగామ చౌరస్తాలో టెంటు వేసి తెలంగాణ కోసం రిలే నిరాహార దీక్షలు చేస్తున్నారు. సకల జనుల సమ్మె మొదలై నెల దాటింది. ఈ ఇంట్లో నాలుగు రోజులుగా ఇంకో దీక్ష నడుస్తోంది. టెంటు కింద కూర్చున్న వాళ్లకు సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపుతారు. ఈయన మాత్రం పొద్దున ఇంట్లో అలిగి, పదకొండు గంటలకు తన మెడికల్ షాపు పక్క బండి మీద మిర్చీలు తింటాడు. చొక్కా జేబు మీది నూనె మరక ఉతికేది తనే కాబట్టి అండాలుకు ఆ సంగతి తెలుసు. తెలిసినా అనలేదు. అలిగిన మనిషికి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి.

ఇంటర్ చదివే కూతురు తేజస్విని, సమ్మెతో కాలేజీ మూతపడి ఇంట్లోనే ఉంది. తండ్రి కంచం వైపు, తల్లి ముఖం వైపు మార్చి మార్చి చూసింది.

“బాపూ, నీ పచ్చిపులుసు నేను పోసుకోనా?”

“పోసుకో బిడ్డా. ఈ ఇంట్ల నా మాటకే ఇలువ లేదు, పచ్చిపులుసుకు ఏముంటది?”

“నీ మాట నేను ఇననిదెప్పుడు?” అంది అండాలు. “పదకొండేండ్ల సంది నువ్వు చెప్పుడు, నేను రాసుడు. గీ ఒక్కపారే రాయనన్న.”

“నాకు గీ ఒక్కపారే గావాలె.”

తేజస్విని పచ్చిపులుసు చప్పుడు చేస్తూ జుర్రింది.

సోమనర్సయ్య శ్రీ ధన్వంతరి మందుల వర్తకుల సంఘానికి కార్యదర్శి. తీర్మానాలు రాయడం కార్యదర్శి పని. అయితే డాక్టర్ల చీటీలు చదివీ చదివీ ఆయన రాత కూడా వాళ్ల రాతలాగే తయారైంది. ఈరోజు రాసింది రేపు ఆయనకే అర్థం కాదు. అందుకని నెలనెలా మీటింగు నుంచి వచ్చి ఆయన చెబుతుంటే, వంటింటి గడప మీద కూర్చుని అండాలు రాసేది. ఆమె తండ్రి భూపాలపల్లి వైపు చిట్యాలలో గ్రామ పంచాయతీ కారోబారు. జనన మరణాలు, ఇంటి పన్నులు, వీధి దీపాల లెక్కలు అన్నీ ముత్యాల్లాంటి అక్షరాల్లో రాసి పెట్టిన మనిషి. ఆ రాతే బిడ్డకు వచ్చింది. సంఘంలో అందరూ “సోమనర్సయ్య రాత అచ్చు గుద్దినట్టుంటది” అని మెచ్చుకునేవారు. ఆయన కాదనేవాడు కాదు. నిజం తెలిసింది అధ్యక్షుడు పరశురాములు ఒక్కడికే.

ఇప్పుడా పుస్తకమే మెడకు చుట్టుకుంది. ఢిల్లీ నుంచి వచ్చిన నోటీసు దేవుడి అలమరలో కుంకుమ భరిణె కింద ఉంది. నిజానికి అది రెండోది. మొదటి దాని మీద సీసీఐ అని చూసి, పత్తి కొనేవాళ్లదేమో అనుకుని, సోమనర్సయ్య మార్కెట్ యార్డులో తెలిసిన గుమాస్తాకు ఇచ్చి వచ్చాడు. అది పత్తి సంగతి కాదనీ, నలుగురు వ్యాపారులు కూడబలుక్కుని ఐదోవాణ్ని రానివ్వకపోతే విచారించే కమిషన్ అనీ రెండోది వచ్చాకే తెలిసింది. రెండు వేల పది జనవరి నుంచి తీర్మానాల పుస్తకం, అసలుది, పంపమన్నారు. గడువు ఇంకా ఆరు రోజులు.

“ఆ పిల్ల ఆరేండ్లు మన కౌంటర్ల నిలవడ్డది,” అంది అండాలు, కంచం తీస్తూ. “కవిత చేతి మీదికెళ్లి మందు ఇస్తే మందు తప్పు పోదని నువ్వే అంటుంటివి.”

“నేను మరిచిపోయిన్నా? మీటింగుల ఆరుగురు ఒక్క తీరు మాట్లాడితె నేనొక్కణ్ని ఏం జెయ్యాలె?”

“ఏం జెయ్యకున్నా మంచిగుండు. ఇంటికొచ్చి నాతోని రాపిచ్చినవ్.”

సోమనర్సయ్య చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరగకుండానే అన్నాడు. “రేపు మన షాపుకు గూడ సరుకు ఆపితె ఏం తినాలె? అది ఆలోచించు.”

ఆయన భయపడుతున్నాడు. నాలుగు రోజుల అలకలో ఆ భయం మొదటిసారి బయటికి వచ్చింది. అండాలుకు కోపం సగం దిగిపోయి, ఆ చోటులో జాలి వచ్చి కూర్చుంది. జాలితో పోట్లాడటం ఇంకా కష్టం.

* * *

ఆయన వెళ్లిన గంటకు పరశురాములు వచ్చాడు. చంకలో ఎర్ర బట్ట అట్ట ఉన్న పెద్ద రిజిస్టరు, జేబులో మూడు పెన్నులు.

“చెల్లె, మంచినీళ్లియ్యి,” అని మంచం మీద కూర్చున్నాడు. ఊళ్లో షాపులకు టోకున మందులు పంపే ఏజెన్సీలు మూడు ఉంటే అందులో పెద్దది ఆయనది. అయినా గొంతు పెంచి మాట్లాడటం ఎవరూ చూడలేదు. తేజస్వినికి ఎనిమిదేళ్లప్పుడు టైఫాయిడ్ ముదిరితే, జోరు వానలో తన కారులో వరంగల్ దవాఖానకు తీసుకుపోయి, రెండు రోజులు వరండాలో పడుకున్న మనిషి. ఆ కారు సీటు మీద బిడ్డ తల తన ఒళ్లో పెట్టుకుని కూర్చున్న రాత్రి అండాలు ఎప్పటికీ మరిచిపోలేదు.

“పుస్తకం కొత్తదే. అయితె నాలుగు దినాలు గోదాంల అట్టపెట్టెల నడుమ వడేసిన, జర పాతగ కనవడాలె గద,” అన్నాడు నీళ్లు తాగి. “పెన్నులు గూడ మూడు తెచ్చిన. రెండేండ్ల రాత ఒక్కటే సిరాతోని ఉంటె అనుమానం వస్తది.”

“అన్నీ ఆలోచించినవ్ అన్నా.”

“నాకు సంతోషమా చెల్లె?” పరశురాములు నిజంగానే బాధపడుతున్నట్టు నొసలు రుద్దుకున్నాడు. “ఆ పిల్ల మీద నాకేం పగ? లంబాడోళ్ల పిల్ల సదువుకొని పైకొస్తె మంచిదే. కని ఈమె బచ్చన్నపేటల ఏజెన్సీ వెట్టి రేటు తగ్గిచ్చి ఊరూరికి సరుకు పంపుతదట. రేపు ఇంకొకలు వెడ్తరు. ఎల్లుండి ఇంకొకలు. మనం ఇరవై ఏండ్ల సంది కట్టుకున్నది ఏమైతది? సంఘమంటెనే ఒకలి పొట్ట ఒకలు కాపాడుకునుడు.”

“ఆమె పొట్ట?”

“ఆమె సంఘంల లేదు గద.”

ఎంత మామూలుగా అన్నాడంటే, అండాలు ఒక క్షణం తలాడించబోయింది కూడా.

“ఇరవై ఒక్క మీటింగులు. అన్నీ ఉన్నయున్నట్టు రాయి. మొదటిది, పోయినేడు జనవరి మీటింగుల నాలుగోది ఒక్కటి ఇడిసిపెట్టు. ఐదోదాన్ని నాలుగు అని రాయి. మూడోది మాత్రం ఉండాలె, తెలంగాణ తీర్మానం. అది మన సంఘానికి ఇజ్జత్.”

“మన వాటా మనకు దక్కాలె అని మూడోదాంట్ల రాసినం అన్నా. దాని కిందనే ఆ పిల్లకు వాటా ఇయ్యద్దు అని రాసినం. రెండూ ఒక్కనాడు, ఒక్క పెన్నుతోని రాసిన నేను.”

పరశురాములుకు కోపం లేదు. చిన్నపిల్లల మాట విన్నట్టు నవ్వాడు. “గదానికి, గిదానికి ఏం సంబంధం చెల్లె?” అని లేచాడు. “ఎల్లుండి రెండింటికి అందరం వస్తం, సంతకాలు వెట్టనీకి. మూడింటికి కొరియర్ బండి. పాత పుస్తకం నాకిచ్చెయ్యి.”

రిజిస్టరు, మూడు పెన్నులు మంచం మీద ఉండిపోయాయి.

* * *

మధ్యాహ్నం కరెంటు పోయింది. బొగ్గు బావుల్లో సమ్మె, అందుకని కోతలు. అండాలు గడప మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటుంటే వాకిట్లో బండి ఆగింది. కవిత భర్త సుభాష్ బండి దిగకుండానే నమస్తే పెట్టి, కవితను దించి, టెంటు వైపు వెళ్లిపోయాడు. కవిత చేతిలో సంచి నిండా సీతాఫలాలు.

దాదాపు రెండేళ్లయింది ఈ పిల్ల ఈ వాకిట్లోకి వచ్చి.

“మంచిగున్నవా అక్కా?”

“ఉన్న. రా, లోపటికి రా.”

“ఈడనే మంచిగున్నది, గాలి కొడ్తంది.” కవిత మెట్టు మీద కూర్చుంది. ఒకప్పుడు షాపు కట్టేసి వచ్చి, టీ తాగుతూ ఆ మెట్టు మీదే కూర్చునేది. “మా చెలకల పండ్లు. తేజుకు ఇష్టం గద.”

అండాలు విసనకర్ర ఆమె వైపు తిప్పి విసిరింది. “మీ యాడి మంచిగున్నదా?” అంది. తండాలో అమ్మను యాడి అంటారని ఈ పిల్ల దగ్గరే నేర్చుకుంది.

“మోతీబాయికేంది, గట్టిగనే ఉన్నది. ఫిట్సు గోలీలు మాత్రం బచ్చన్నపేటల దొరుకుతలెవ్వు. మీ ఊరి ఏజెన్సీ వ్యాను వారానికొకపారి వస్తది. సమ్మెల అది గూడ బంద్. మొన్న గోలీలు లేక ఆమెకు పొయ్యి కాడ ఫిట్సొచ్చింది. చెయ్యి జర కాలింది.”

“అయ్యో, బిడ్డా!”

“నాకు లైసెన్సున్నది, కిరాయికి పట్టిన మడిగె ఉన్నది, ఫ్రిజ్జున్నది. ఇన్సులిన్ వెట్టుకుందామని కొన్న ఫ్రిజ్జు. ఇప్పుడు దాంట్ల మంచినీళ్ల సీసలు వెట్టుకున్న. తాగనీకి సల్లగుంటయ్.” కవిత నవ్వింది. నవ్వుతూ చెబుతోంది కదా అని వినేవాళ్లకు నొప్పి తగ్గలేదు. “కంపెనీలు అన్నీ ఒక్కటే మాట. మీ సంఘం కాయితం తే, సరుకు దించుతం. దివాళికి మడిగె ఖాళీ చేస్త. ఇంగ అయితలేదు.”

“ఢిల్లీకి అర్జీ వెట్టినవ్ గద?”

“పెట్టిన. మా తమ్ముడు చందు ఇంటర్నెట్టుల చూసి చెప్పిండు, గిట్లాంటియి అడిగే కమిషన్ ఉన్నదని. వాళ్లు పుస్తకం తెప్పిచ్చుకుంటమన్నరు. నా దగ్గర కాయితం లేదక్కా. కంపెనీ ఆఫీసరు ఆ తీర్మానం జిరాక్సు ఒక్కపారి చూపెట్టి మల్ల జేబుల వెట్టుకున్నడు. చూసిన. సదివిన. అంతే.”

ఆమె ఆగింది. సంచిలోంచి ఒక పండు తీసి, వేలితో నొక్కి, పండిందో లేదో చూసింది.

“సదువకముందే గుర్తువట్టిన అక్కా. నీ రాత.”

అండాలు చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

“నా ఫార్మసీ డిప్లొమా ఫారం నింపింది నువ్వే గద. బీక్యా బిడ్డ కవిత అని నా పేరు అంత సక్కగ ఎవ్వలు రాయలే అప్పటిదాంక. ఆ ఫారం జిరాక్సు మా ఇంట్ల ఇంగ ఉన్నది. ఆ ‘క’ నేను మరిచిపోతనా?”

“కవితా...”

“అర్జీల నీ పేరు రాయలే. అన్న పేరే ఉన్నది, కార్యదర్శి కాబట్టి. నీ మీద కోపం తెచ్చుకుందామని చూసిన. రాలే. ఎందుకో నాకే సమజ్ గాలే.” కవిత లేచి చీర కుచ్చిళ్లు దులుపుకుంది. “పుస్తకం ఇయ్యమని అడగ రాలేదక్కా. ఏమడిగినా నీ ఇల్లు ఖరాబైతదని తెలుసు. పండ్లు ఖరాబ్ కాకముందే తినుండ్రి.”

సుభాష్ వచ్చి ఆమెను ఎక్కించుకుపోయాడు. బండి వీధి చివర తిరిగాక, అండాలు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఒక మనిషి తిట్టి పోతే తట్టుకోవచ్చు. ఈ పిల్ల పండ్లు ఇచ్చి పోయింది.

* * *

సాయంత్రం సోమనర్సయ్య వచ్చేసరికి మంచం మీద రిజిస్టరు లేదు. అండాలు ఒళ్లో ఉంది.

“రాస్త,” అంది ఆమె. “కొత్త పుస్తకం రాస్త. వచ్చి అన్నం తిను.”

ఆయన నమ్మలేనట్టు చూశాడు. తర్వాత కాళ్లు కడుక్కుని వచ్చి, మూడుసార్లు పెట్టించుకుని తిన్నాడు. మూడోసారి కలుపుతూ, “వంకాయ మంచిగున్నది,” అన్నాడు. అలా తింటున్న మొగుణ్ని చూస్తుంటే అండాలుకు పాపమనిపించింది. ఏం రాస్తానన్నది ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన దగ్గర ఆమె దాచింది ఇదొక్కటే.

మర్నాడు పగలంతా, ఆ తర్వాతి పొద్దున కూడా రాసింది. పాత పుస్తకం ఎడమ పక్క, కొత్తది కుడి పక్క. పరశురాములు ఇచ్చిన మూడు పెన్నుల్లో రెండింటిని పక్కన పెట్టి ఒక్కదాంతోనే రాసింది. మొదటి పేజీలోనే, జనవరి మీటింగు నాలుగో తీర్మానం దగ్గర మాత్రం చాలాసేపు ఆగింది.

చిట్యాల పంచాయతీ ఆఫీసులో తండ్రి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దిన రోజులు గుర్తొచ్చాయి. ఒకసారి ఎవరి పేరో తప్పు రాసి, బ్లేడుతో గీకబోతే, ఆయన చెయ్యి పట్టుకున్నాడు. “రాసినంక గీకద్దు బిడ్డా. తప్పైతె దాని కిందనే తప్పని రాసి, నీ పేరు పెట్టు. రేపు చూసెటోనికి తెల్వాలె, ఎవలు తప్పు చేసిన్రో, ఎవలు దిద్దిన్రో.”

ఆమె పెన్ను ఎత్తింది.

అన్న ప్రకారమే రెండింటికి అందరూ వచ్చారు. ముందు గది నిండిపోయింది. తేజస్విని టీలు అందించింది. టీల మధ్య రైళ్ల సంగతి, సమ్మె ఎప్పుడు విరమిస్తారన్న సంగతి, ఎవరి కొడుకు టెంటులో ఎన్ని రోజులు కూర్చున్నాడన్న సంగతి. రిజిస్టరు చేతులు మారుతోంది. ఒక్కొక్కరు పేజీ అడుగున వేలు పెట్టి, సంతకం చేసి, పేజీ తిప్పుతున్నారు. ఇరవై ఒక్క సంతకాలు చేసి వేళ్లు విరుచుకుంటున్నారు. పైన ఏముందో ఎవరూ చూడలేదు. పదకొండేళ్లలో ఎప్పుడూ చూడలేదు, ఈరోజెందుకు చూస్తారు?

పరశురాములు కూడా చూడలేదు. అందరికంటే ఎక్కువ నమ్మకం ఆయనదే. పేజీలు తిప్పుతూ, “ఏం రాత చెల్లె నీది!” అని మెచ్చుకున్నాడు. ఆ మాటకు మిగతా ఐదుగురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సోమనర్సయ్య చెవులు ఎర్రబడ్డాయి.

అండాలు వంటింటి గడప మీద కూర్చుని ఉంది. పక్కన పాత పుస్తకం, దాని మీద ఒక సీతాఫలం.

చివరికి పుస్తకం కార్యదర్శి చేతికి వచ్చింది. సోమనర్సయ్య కళ్లజోడు సర్దుకున్నాడు. మొదటి పేజీ తెరిచి, అడుగున సంతకం పెట్టబోయి, ఆగాడు. జనవరి మీటింగు అది. తెలంగాణ తీర్మానం తన సొంత మాటలు. టెంటు కింద మైకు పట్టుకుని రెండుసార్లు చెప్పాడు కూడా. అది ఎట్లా వచ్చిందో చూసుకుందామని ముచ్చటపడ్డాడు. పెదవులు కదులుతుండగా మూడో తీర్మానం చదివాడు. ముఖం విచ్చుకుంది.

కళ్లు అలాగే కిందికి జారాయి.

“నాలుగో తీర్మానం: బచ్చన్నపేటలో కొత్తగా మందుల ఏజెన్సీ పెట్టదలచిన బీక్యా కుమార్తె కవితకు సంఘం ఒప్పుకోలు పత్రం ఇవ్వరాదని, ఆమెకు సరుకు ఇచ్చే కంపెనీల మందులు సభ్యులెవ్వరూ కొనరాదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.”

ఒక్క అక్షరం పోలేదు. కింద కొత్తగా ఒక వరుస ఉంది.

“ఇది రాసిన చెయ్యి నాది. ఇది తప్పు. ఇట్లు, అండాలు.”

సోమనర్సయ్య తలెత్తి వంటింటి వైపు చూశాడు. అండాలు తల దించుకోలేదు. ఆయన చెయ్యెత్తి ఆ పేజీ చించినా, గట్టిగా కేకేసినా, ఏమన్నా పడటానికి ఆమె సిద్ధపడే కూర్చుంది. ఆయన సీతాఫలం వైపు చూశాడు, మళ్లీ పుస్తకం వైపు చూశాడు.

“ఏంది సోమనర్సయ్యా, సంతకం మరిచిపోయినవా?” పరశురాములు నవ్వుతూ చెయ్యి చాపాడు. “కొరియర్ బండి టైమైతంది. ఇటియ్యి.”

సోమనర్సయ్య పుస్తకాన్ని తన ఒళ్లోకి లాక్కున్నాడు. కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

“ఆగు పరశురాములూ,” అన్నాడు. “నేనింకా చదువుతున్న.”